గిటారు పెడళ్ళు: ఏది ముందు, ఏది వెనుక?

అమెరికాలో టెనెసీ రాష్ట్రమునందలి నాష్‌విల్ నగరము కంట్రీ సంగీతమునకు ప్రధానపీఠము. అచ్చటి ఒక ధ్వనిముద్రణశాలలో మార్టీ రాబిన్స్ అను గాయకుని 'డోంట్ వర్రీ' పాటను ముద్రించుచుండగా, ధ్వనులను కలిపెడు యంత్రములోని ఒక భాగము చెడిపోయియుండుటచేత, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తంత్రుల బేస్ గిటారు నాదము తన సహజమైన నునుపును కోల్పోయి, బొంగురుపోయి బరబరలాడుచు వెలువడెను. అది చెడినదని తీసివేయక అట్లే నిలిపి 1961లో పాటను విడుదల చేయగా జనులకు నచ్చెను. ముద్రణము నిర్వహించిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ దోషమునే కోరినప్పుడెల్ల కల్పింపగల ట్రాన్సిస్టరు వలయమొకటి రూపొందించి గిబ్సన్ కంపెనీకి అందజేసెను. 1962లో అది 'మాయెస్ట్రో ఫజ్‌టోన్' అను పేర, పాదముతో నొక్కి పనిచేయించు చిన్న పెట్టెగా అంగళ్ళకు వచ్చెను. మొదట దానిని కొనువారు పెద్దగా లేకపోయిరి. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందములోని కీత్ రిచర్డ్స్ 'శాటిస్‌ఫాక్షన్' పాటలో దానిని వాడిన పిమ్మట, అంగళ్ళలో మూలుగుచున్న పెట్టెలన్నియు ఆ యేడాదిలోనే చెల్లిపోయినవి.

ఆ ఒక్క పెట్టె వెంట ఎన్నియో వచ్చినవి. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ కంపెనీ గుండ్రని లోహపు డిప్పలో ఇమిడ్చిన 'ఫజ్ ఫేస్'ను, 1969లో న్యూయార్కున మైక్ మాథ్యూస్ 'బిగ్ మఫ్'ను విక్రయింపసాగిరి; 1977 మొదలుకొని జపానులోని రోలండ్ సంస్థవారు బాస్ అను పేర రంగురంగుల పెట్టెలను, అరచేతిలో ఇముడునంతటివానిని, వరుసగా తయారుచేసిరి. నేడు గిటారు నేర్చుకొను యువకునికి మూడు నెలలు తిరుగకముందే నాలుగు పెడళ్ళు సమకూరుచున్నవి. వానిని తీగలతో ఒకదానికొకటి తగిలించి, గిటారును ఒక కొసనను యాంప్లిఫయరును వేరొక కొసనను చేర్చవలెనన్నంత వరకు అతనికి తెలియును. ఏది ముందుండవలెను, ఏది వెనుకనుండవలెను అను చోట మాత్రము సందేహము మొదలగును. ఈ ప్రశ్నకు సమాధానముగా పట్టికలు కొల్లలుగా దొరకును. అవి వరుసను చెప్పును గాని కారణమును చెప్పవు. కారణము తెలియనివాడు పట్టికకు బానిసయై, తన చెవికి ఇంపుగానున్నదానిని సైతము తప్పేమోయని విడిచిపెట్టును.

అసలు కారణము మిక్కిలి సులభమైనది. వరుసలోని ప్రతి పెడలు గిటారును వినుట లేదు. తనకు ముందున్న పెడలు విడిచిన నాదమును మాత్రమే వినుచున్నది. వ్యాకరణమున రూపసాధన చేయునపుడు ఒక సూత్రము కల్పించిన రూపమే తరువాతి సూత్రమునకు ఆధారమగుటయు, సూత్రముల పౌర్వాపర్యము తప్పినచో వేరొక రూపము సిద్ధించుటయు మన పాఠకులెరిగినదే. ఇచ్చట జరుగునదియు సరిగా అట్టిదే. కనుక ఏ రెండు పెట్టెలను ముందు పెట్టుకొనినను వేసికొనవలసిన ప్రశ్న యొక్కటే: దీని ఫలముపై అది పనిచేయవలెనా, దాని ఫలముపై ఇది పనిచేయవలెనా?

ఈ ప్రశ్న అన్ని జంటల విషయమునను సమానమైన బరువు గలది కాదు. నా అభిప్రాయమున వరుసకంతకు ఇరుసు వంటిది డిస్టార్షను. దీనికే కొద్దిపాటి భేదములతో ఓవర్‌డ్రైవ్ అనియు ఫజ్ అనియు పేర్లున్నవి. ఇది చేయు పనిని చక్కగా గ్రహించినవానికి తక్కిన స్థానములు తామై తెలియును గనుక, దీనిని గూర్చి కొంత తీరికగా చెప్పవలసియున్నది.

తంత్రిని మీటినప్పుడు గిటారులోని అయస్కాంతపు చుట్టనుండి వెలువడు విద్యుత్తు చాల స్వల్పము. లెక్క కొరకు దానిని 100 మిల్లీవోల్టులనుకొందము. డిస్టార్షను పెట్టె దానిని, నూరింతలనుకొందము, పెంచి 10 వోల్టులు చేయబూనును. కాని ఆ దారిలోనే సిలికాను డయోడులు రెండు కాపలా యుండి, సుమారు 0.6 వోల్టును దాటిన భాగమునంతను కోసివేయును. గుండ్రముగా లేచి దిగవలసిన తరంగము శిరస్సు తెగి చదునగును. ఆ తెగుటవలన, మూలస్వరమునకు మూడింతలు, ఐదింతలు వేగముతో కంపించు అతిస్వరములు పుట్టి, నాదమునకు కరకుదనమును, నిండుదనమును కలిగించును. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి యున్నది. గట్టిగా మీటినను, మెల్లగా మీటినను, బయటికి వచ్చునది ఆ 0.6 వోల్టే. అనగా పెద్ద చిన్నల భేదమును డిస్టార్షను తుడిచివేయును.

ఇప్పుడు దీనికి ముందు ఒక డిలే పెడలును, అనగా ప్రతిధ్వనిని కల్పించు పెట్టెను, ఉంచి చూడుడు. మీటిన స్వరము 100 మిల్లీవోల్టులు. దాని వెనుక మొదటి ప్రతిధ్వని 50, రెండవది 25, మూడవది పన్నెండున్నర. ఇవి నూరింతలై వరుసగా 10, 5, రెండున్నర, ఒకటింబాతిక వోల్టులగును. కాని నాలుగును ఆ కాపలా కడ తెగి 0.6 వోల్టుగానే వెలువడును. క్రమముగా క్షీణింపవలసిన ప్రతిధ్వనులు మూలముతో సమానమైన గొంతుతో అరచును. అదే డిలేను డిస్టార్షనుకు వెనుక నుంచినచో తెగుట ముందే ముగిసియుండును; కనుక ప్రతిధ్వనులు 0.6, 0.3, 0.15 అని తమ సహజక్రమమున తగ్గుచు దూరమగుచున్నట్లు వినవచ్చును.

ఇంతటితో పోలేదు. రెండు స్వరములు ఏకకాలమున డిస్టార్షనులో ప్రవేశించినప్పుడు, వాని వేగముల కూడికకును తీసివేతకును సమానమైన కొత్త స్వరములు, ఎవరును మీటనివి, పుట్టుకొనివచ్చును. గిటారు ఐదవ తంత్రి మెట్టు నొక్కకయే సెకనుకు 110 మార్లు కంపించును. దానిని షడ్జముగా గ్రహించినచో పంచమము సుమారు 165. ఈ రెండింటి తేడా 55. అది షడ్జమునకు మంద్రస్థాయి షడ్జమే గనుక, ఎవరును వాయింపని ఆధారస్వరమొకటి అడుగున నిలిచి నాదమునకు బలమిచ్చును. రాక్ వాద్యకారులు షడ్జ పంచమములను మాత్రమే జతచేసి, దానికి పవర్ కార్డ్ అని పేరు పెట్టి, పాటలకు పాటలే నడపుట ఇందుచేతనే. కాని పంచమమునకు బదులు అంతరగాంధారమును తీసికొన్నచో, గిటారు మెట్లపై దాని వేగము సుమారు 138.6, తేడా 28.6. అది ఏ మెట్టు స్వరముతోను పొసగదు. వినువానికి ఏదో గుడగుడలాడుచున్నట్లుండును. డిలే ముందున్నప్పుడు, గడచిన స్వరపు ప్రతిధ్వనియు ఇప్పుడు మీటిన స్వరమును ఒకే కత్తెరలో పడును గనుక, ఇట్టి అనాహూతస్వరములు అడుగడుగున పుట్టి నాదము బురదయగును.

దీనినిబట్టి స్థూలమైన విభాగము తేలుచున్నది. గిటారు స్వరమును స్వచ్ఛముగా వినవలసినవి డిస్టార్షనుకు ముందు. సిద్ధమైన నాదమునకు దూరమును, ప్రదేశమును కల్పించునవి దానికి వెనుక.

ముందుండవలసినవానిలో మొదటిది ట్యూనరు. శుద్ధమైన స్వరము నందినప్పుడే అది శ్రుతిని తడబడక చూపును. స్వరమునకు పై స్థాయినో క్రింది స్థాయినో జతచేర్చు ఆక్టేవ్ పెడలును అట్టిదే. అతిస్వరములతో కిక్కిరిసిన నాదమునిచ్చినచో మూలస్వరమేదియో పోల్చలేక అది వెక్కిళ్ళు పెట్టును. పెద్ద శబ్దమును తగ్గించి, చిన్న శబ్దమును పెంచి, మీటిన స్వరమును ఎక్కువకాలము నిలుపు కంప్రెసరు సైతము ముందే యుండుట మేలు. మీటిన వెంటనే స్వరము చచ్చిపోవుట మీటెడు వాద్యములన్నింటికి గల లోపము. పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతమునకు విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి గమకములను అంత చక్కగా పలికించుటకు ఆ నిలుకడ ఎంత అక్కరకు వచ్చినదో ఆయన కచేరీలు విన్నవారికి చెప్పనక్కరలేదు. అయితే కంప్రెసరు చిన్న శబ్దములను పెంచుననుచో, బుసబుసలను గూడ పెంచుననుటయే. దానిని డిస్టార్షనుకు వెనుక పెట్టినచో ఆ పెట్టె కల్పించిన రొద యంతయు, వాద్యకారుడు చేయి ఆపినప్పుడెల్ల, పైకి లేచును.

వా పెడలు కథ కొంచెము వేరు. 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అను యువ ఇంజనీరు యాంప్లిఫయరులోని ఒక స్విచ్చికి బదులు త్రిప్పుడు మర నమర్చబోయి, ఆ మరను త్రిప్పుచుండగా నాదము నోరు తెరచి మూసినట్లు పలుకుట గమనించెను; ఆర్గన్ వాద్యమునకు వాడు పాదపీఠములో దానిని బిగించుటతో వా పెడలు పుట్టినది. నాదమునందలి ఒకానొక స్థాయిని ఎత్తిచూపి, ఆ ఎత్తును క్రిందికిని పైకిని జరుపుట దీని పని. జిమీ హెండ్రిక్స్ దీనిని ఫజ్ ఫేస్‌కు ముందు ఉంచెను. అట్లున్నప్పుడు వా ఎత్తిచూపిన స్థాయియే ఎక్కువగా తెగి, మనుష్యకంఠమునకు దగ్గరగు పలుకు వచ్చును. వెనుక నుంచినచో, ఫజ్ పుట్టించిన అతిస్వరసముదాయమంతటిని వా ఊడ్చును గనుక ఫలము తీవ్రము. రెండును వినదగినవే, నూతనాభ్యాసి మాత్రము ముందుంచియే ఆరంభించుట మంచిది.

హెండ్రిక్స్ ప్రస్తావన వచ్చినది గనుక, పట్టికలు చెప్పని చిక్కొకటి ఇచ్చటనే విప్పవలెను. ఫజ్ ఫేస్ వంటి పాత వలయములు తమ ముందున్నది గిటారే యని నమ్మి నిర్మింపబడినవి. యాంప్లిఫయరు ముఖద్వారపు నిరోధము సాధారణముగా పదిలక్షల ఓములు. ఫజ్ ఫేస్‌దో కొన్ని వేల ఓములు మాత్రమే. అందుచే అది గిటారు చుట్టలపై బరువు మోపి, వానితో కలిసి ఒకే వలయముగా పనిచేయును. గిటారుపైనున్న వాల్యూము మరను కొంచెము తగ్గించినంతనే దాని కరకుదనము కరగి తేటపడుట ఈ పొందికవలననే. ఈ రెంటి నడుమ బఫర్ గల పెడలు, అనగా ఆపివేసినను సంకేతమును బలపరచి పంపు వలయము గల పెట్టె, చేరినచో ఆ పొందిక చెడి, నాదము పలుచనై గీరుకొనుచున్నట్లుండును. కనుక అట్టి ఫజ్ గలవారు దానిని అన్నింటికంటె ముందు, ట్యూనరుకంటెను ముందు, ఉంచుకొనవచ్చును.

అంతమాత్రమున బఫర్ శత్రువని తలపరాదు. గిటారు కేబులు ప్రతి మీటరునకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటరుగా వర్తించి, పైస్థాయి మెరుపును నేలపాలు చేయుచుండును. ఆరు మీటర్ల తీగ గిటారునుండి మొదటి పెట్టెకు, మరియొక ఆరు మీటర్లు చివరి పెట్టెనుండి యాంప్లిఫయరునకు, నడుమ చిన్న ముక్కలు కొన్ని: ఇవన్నియు కూడినప్పుడు నాదమునకు దుప్పటి కప్పినట్లగును. 'ట్రూ బైపాస్' (ఆపినప్పుడు సంకేతమును బఫర్ లేక నేరుగా పంపునది) అని గొప్పగా ముద్రించియున్న పెట్టెలనే కొని కూర్చినవానికి ఈ నష్టము తప్పదు. వరుసలో ఎక్కడనో ఒకచోట మంచి బఫర్ ఒకటి ఉండుట లాభమే; బాస్ వారి సాధారణ పెడళ్ళలో అది ముందే యున్నది.

ఇక కోరస్, ఫేజర్, ఫ్లాంజర్ అను జాతి. నాదమునకు ఒక నకలు తీసి, దానిని సెకనులో కొన్ని వేయవ వంతుల ఆలస్యముతో ఊగించుచు మూలముతో కలుపుట కోరస్, ఫ్లాంజర్‌ల పని. ఫేజర్ ఆలస్యము లేకయే అటువంటి మార్పును కల్పించును. మూడింటను నాదమునందు కొన్ని స్థాయిలు మాయమగుచు, ఆ ఖాళీలు జరుగుచుండును. వీనిని డిస్టార్షనుకు వెనుక నుంచుట వాడుక. అతిస్వరములు దండిగా నున్న నాదములోనే ఖాళీల కదలిక స్ఫుటముగా తెలియును గనుక వాడుకకు ఆధారమున్నది. ఐనను 1978లో వెలువడిన వాన్ హేలెన్ తొలి ఆల్బములో ఎడ్డీ వాన్ హేలెన్ ఎం.ఎక్స్.ఆర్. ఫేజ్ 90ని మార్షల్ యాంప్లిఫయరు ముఖముననే తగిలించి, ఆ యాంప్లిఫయరు కరకుదనమునకు ముందే నాదమును కదిలించెను. కదలిక మెత్తబడి నాదములో కలిసిపోయెను. ఆ మెత్తదనమే లోకమునకు నచ్చినది.

ఈ ఉదాహరణలో నూతనాభ్యాసులు తరచుగా మరచు విషయము దాగియున్నది: యాంప్లిఫయరు కూడ వరుసలోని ఒక పెట్టెయే. కరకుదనమును పెడలునుండి గాక యాంప్లిఫయరునుండి తెచ్చుకొనువాడు తన డిలేను ఎంత వెనుకకు జరిపినను అది యాంప్లిఫయరునకు ముందే, అనగా డిస్టార్షనుకు ముందే, యున్నది. ఈ ఇబ్బందిని తొలగించుటకే పెక్కు యాంప్లిఫయరుల వీపున 'సెండ్', 'రిటర్న్' అను రెండు రంధ్రములుంచిరి. కరకుదనము పుట్టు తొలిభాగము ముగిసిన తరువాత నాదమును సెండ్‌నుండి బయటికి తీసి, డిలేగుండా, మందిరపు మారుమ్రోతను కల్పించు రివర్బుగుండా నడిపి, రిటర్న్‌గుండా శబ్దమును పెంచు మలిభాగమునకు అందింపవచ్చును.

డిలే ముందా, రివర్బు ముందా యని వాదులాడువారిని చూచినప్పుడు నాకు జాలి కలుగును. ఈ రెండును నాదమును ఆలస్యముచేసి, తగ్గించి, కలుపుట తప్ప దానిని కోయుట లేదు. అట్టి క్రియలు రెండింటిలో ఏది ముందైనను మొత్తము ఫలము ఒక్కటేయని గణితము చెప్పుచున్నది. పెట్టె తనదైన రంగు పులిమినప్పుడు గాని, ఊగిసలాట కల్పించినప్పుడు గాని, నాదమును కుడియెడమలకు విడదీసినప్పుడు గాని కొంత భేదము కానవచ్చును. కొండలనుండి ప్రతిధ్వని వచ్చి మనమున్న మందిరమున మారుమ్రోగుట లోకానుభవము గనుక డిలేను ముందు, రివర్బును చివర నుంచి ఆ చర్చను విడిచిపెట్టవచ్చును. డిస్టార్షను విషయమున మాత్రము ఈ ఉదాసీనత చెల్లదు. అది కోయునది గనుక దాని ముందువెనుకలు అన్నింటికంటె ప్రధానములు. రివర్బును బుద్ధిపూర్వకముగా ఫజ్‌కు ముందు పెట్టి, గోడవలె నిలుచు నాదమును సాధించిన బృందములు 1980ల చివర ఇంగ్లండు, ఐర్లండులనుండి వచ్చినవి. వారు చేసినది తప్పు గాదు. ఏ ఫలము కావలెనో ఎరిగి చేసిరి.

వాల్యూము పెడలును గూర్చి రెండు మాటలు చాలును. డిస్టార్షనుకు ముందున్నచో అది కరకుదనమును తగ్గించును, శబ్దమును అంతగా తగ్గింపదు. వెనుకనున్నచో శబ్దమునే తగ్గించును. నాదమును పెంచు బూస్టరు విషయమును ఇంతే: ముందున్నచో కరకుదనము హెచ్చును, వెనుకనున్నచో ఒంటరిగా వాయించు ఘట్టమున శబ్దము హెచ్చును.

విద్యుత్తును గూర్చి చెప్పనిదే ఈ విషయము పూర్తికాదు. ఈ పెట్టెలలో పెక్కింటికి కావలసినది 9 వోల్టుల డి.సి. సరఫరా, అడాప్టరు మొనలో నడిమి భాగము ఋణము, వెలుపలి భాగము ధనము. మన ఇండ్లలో పడియుండు ఇతర అడాప్టరులలో పెక్కింటికి నడిమి భాగము ధనముగా నుండును. మొన సరిపోయినదని తగిలించినచో కొన్ని పెట్టెలు అప్పుడే కాలిపోవును. డిస్టార్షను వంటివానికి కొద్ది మిల్లీయాంపియరులు చాలును గాని, డిజిటల్ డిలే, రివర్బులకు నూరును, అంతకు మించియు కావలెను. ఒకే అడాప్టరునుండి కొమ్మలుగా చీల్చి అన్నింటికి పంచినచో డిజిటల్ పెట్టెల కీచుమనుట డిస్టార్షనులో పడి పెరుగుట కలదు. జర్మేనియం ట్రాన్సిస్టరుల ఫజ్ పెట్టెలు కొన్ని తక్కినవానికి విరుద్ధమైన ధ్రువములతో నిర్మింపబడుటచే, వానిని పంపిణీ తీగకు తగిలింపక వేరు బ్యాటరీతో నడుపవలెను.

మొదటిసారి కొనువారికి నా సలహా: ట్యూనరు, ఒక ఓవర్‌డ్రైవ్, ఒక డిలే. ఈ మూడింటితో పైన చెప్పిన సంగతులలో సగమును మీ చెవితోనే పరీక్షింపవచ్చును. ఓవర్‌డ్రైవును పూర్తిగా పెంచి, డిలేను దాని వెనుక ఒకమారు, ముందు ఒకమారు ఉంచి, ఒకే స్వరమును మీటి వినుడు. పిదప షడ్జ పంచమములను, అటుపిమ్మట మూడు స్వరముల కార్డును వాయించి చూడుడు. ఒకసారికి ఒక్క పెట్టె స్థానమునే మార్చుడు, లేనిచో ఏ మార్పు వలన ఏ భేదము కలిగినదో తెలియదు. ఈ పరీక్ష చేయకముందు నాలుగవ పెడలు కొనకుడు. తీగలను ఊడబెరికి మరల తగిలించునప్పుడెల్ల యాంప్లిఫయరు శబ్దమును పూర్తిగా తగ్గించుకొనుడు. లేనిచో ఆ చప్పుడు స్పీకరును, ఇరుగుపొరుగువారితో మైత్రిని ఏకకాలమున చెడగొట్టగలదు.